ఓడలో ఒక గది పుస్తకాలకు ఇవ్వండి

మన రేవుల నుంచి క్రూయిజ్ ఓడలు నడుపుతున్న, నడపబోతున్న సంస్థల యాజమాన్యాలకూ, కేంద్ర ఓడరేవులు, నౌకాయాన, జలమార్గాల మంత్రిత్వ శాఖ అధికారులకూ నమస్కారం.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరయ్యాను. ఉండేది తెనాలి. ఓడలు నడపడం గురించి నాకేమీ తెలియదు. ఒక పుస్తకాల గది ఎలా బతుకుతుందో, ఎలా మూతపడుతుందో మాత్రం దగ్గరుండి చూసినదాన్ని. ఆ అనుభవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మన రేవుల నుంచి బయల్దేరే ప్రతి క్రూయిజ్ ఓడలోనూ గ్రంథాలయం ఉండాలి. మెట్ల పక్కన పేరుకు ఒక అల్మరా పెట్టి ఊరుకుంటే సరిపోదు. తలుపున్న గది కావాలి. కూర్చోడానికి మంచి కుర్చీలు, చదవడానికి చాలినంత వెలుతురు, చూసుకునే మనిషి, మన భాషల పుస్తకాలు కావాలి. అది టికెట్ కొన్నవాళ్ళకే కాకుండా ఓడలో పనిచేసేవాళ్ళకు కూడా అందాలి.

ఈ కోరిక నాకు ఊరికే పుట్టలేదు. మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. కోవిడ్‌కి ముందు ఒక ఏడాది మా ఇద్దరినీ అక్కడికి పిలిపించుకుని, ఫ్లోరిడా నుంచి కరీబియన్ దీవులకు వెళ్ళే ఓడ ఎక్కించింది. వారం రోజుల ప్రయాణం. మొదటిరోజు ఆ ఓడ ఎంత ఉందో చూడ్డానికే సరిపోయింది. రెండోరోజు ఎటు చూసినా నీళ్ళే. ఫోన్లో సిగ్నల్ లేదు. నెట్ కావాలంటే విడిగా డబ్బు కట్టాలి, అది చాలా ఎక్కువ, వద్దులే అనుకున్నాం. మా ఆయనకు కడుపులో తిప్పుతోందని క్యాబిన్లో పడుకున్నారు. అమ్మాయి, అల్లుడు పిల్లలతో ఈతకొలను దగ్గర ఉన్నారు. నాకు ఏం చెయ్యాలో తోచక లిఫ్టు పక్కన గోడకు ఉన్న ఓడ పటం చూస్తూ నిలబడ్డాను. అందులో ఒక మూల లైబ్రరీ అని రాసి ఉంది.

ఆ గది మా తెనాలి ఇంట్లో ముందు హాలంత ఉంటుంది, అంతే. కానీ లోపల అడుగు పెట్టగానే మనసు కుదుటపడింది. పుట్టింటికి వెళ్ళినట్టు అనిపించింది. ముందు నా కన్ను పడింది అల్మరాల మీద. మా దగ్గర అల్మరా గోడకు ఆనించి నిలబెడితే పని అయిపోతుంది. ఓడలో అలా కుదరదు, అది ఊగుతుంది కదా. అక్కడ ప్రతి అరకూ ముందువైపు రెండంగుళాల అంచు ఎత్తుగా పెట్టారు. కొన్నిటికి అడ్డంగా ఇత్తడి కమ్మీ ఉంది. కమ్మీ పైకి ఎత్తి పుస్తకం తీసుకుని మళ్ళీ దించాలి. అద్దాల తలుపులకు తాళాలున్నాయి. ఆఖరి రోజు సాయంత్రానికి పుస్తకాలన్నీ తిరిగివ్వాలని, ఆ తర్వాత తలుపులు వేసేస్తామని చిన్న అట్ట మీద రాసిపెట్టారు. బల్ల మీద ఒక రిజిస్టరు ఉంది. పేరు, క్యాబిన్ నంబరు మనమే రాసి పుస్తకం తీసుకెళ్ళాలి. అడిగేవాళ్ళు లేరు. ఆ రిజిస్టరు పేజీలు తిరగేశాను. తీసుకెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగిచ్చినట్టు గీత కొట్టి ఉంది.

గదిలో పదిహేను మంది దాకా ఉన్నారు. ఒక పెద్దాయన అట్లాసు ముందు పెట్టుకుని వేలితో దారి వెతుకుతున్నాడు. పదేళ్ళ పిల్ల ఒకతి తివాచీ మీద బోర్లా పడుకుని బొమ్మల కథ చదువుతోంది. ఇంకొకాయన గుండెల మీద పుస్తకం పెట్టుకుని నిద్రపోయాడు. మా లైబ్రరీలో కునుకు తీసేవాళ్ళను నేనెప్పుడూ లేపలేదు. ఆయన్నీ ఎవరూ లేపలేదు. ఇంజిను చప్పుడు నేల కింద నుంచి సన్నగా వస్తోంది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. నేను అక్కడ నాలుగు గంటలు కూర్చున్నాను.

నేను చదివింది ఆ దీవుల చరిత్ర. మర్నాడు మా ఓడ జమైకాలో ఆగుతుంది. అక్కడ ఏం చూడాలో ఓడవాళ్ళు రంగురంగుల కాగితం ఇచ్చారు, జలపాతం, బీచి, షాపులు. ఆ పుస్తకంలో వేరే సంగతి ఉంది. 1845 నుంచి 1917 వరకు దాదాపు 36 వేల మంది భారతీయులను ఒప్పంద కూలీలుగా జమైకాకు తీసుకెళ్ళారట. అలా కరీబియన్ దీవులకు కూలీలను తీసుకెళ్ళిన ఓడలు కలకత్తా నుంచే కాకుండా మద్రాసు రేవు నుంచి కూడా బయల్దేరాయి. ఆ రోజుల్లో మద్రాసు అంటే మన కోస్తా జిల్లాలన్నీ అందులోనివే. నెలల తరబడి అదే సముద్రం మీద, ఏ ఊరికి పోతున్నారో సరిగ్గా తెలియకుండా పోయిన మనుషులు వాళ్ళు. మర్నాడు జమైకాలో దిగినప్పుడు చెరకు తోట కనిపించగానే నా కాళ్ళు ఆగిపోయాయి. పక్కనవాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. నేను ఆ తోటనే చూస్తూ ఉండిపోయాను. ముందురోజు ఆ గదిలో కూర్చోకపోతే అది నాకు ఒట్టి తోట.

ప్రయాణికుడికి తాను ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పే పని ఓడ గ్రంథాలయం చేస్తుంది. గైడు చెప్పే పది నిమిషాల్లో ఇది కుదరదు. రేవుకీ రేవుకీ మధ్య దొరికే ఆ ఖాళీ రోజు ఉంది చూశారా, సీ డే అంటారట మీరు, దానికి నేల మీద సాటి వచ్చేది లేదు. ఇంట్లో అయితే కాలింగ్ బెల్లు, కుక్కరు విజిల్, ఫోను. రైల్లో అయితే ఏ స్టేషన్ వచ్చిందోనని చూపు కిటికీ మీద. ఓడలో ఒక రోజంతా ఎవరూ పిలవరు. ఎక్కడికీ దిగనక్కర్లేదు. నా సర్వీసు మొత్తంలో పాఠకులు నాతో ఎక్కువసార్లు అన్న మాట, "చదవాలనే ఉందమ్మా, టైమే దొరకట్లేదు" అని. మీరు టైము అమ్ముతున్నారు. అందులో చదువుకోవడానికి చోటు కూడా ఇవ్వమని అడుగుతున్నాను.

నిరుడు మళ్ళీ అమెరికా వెళ్ళాం. మళ్ళీ ఓడ. ఈసారిది ఇంకా పెద్దది. లైబ్రరీ ఎక్కడని మొదటిరోజే రిసెప్షన్‌లో అడిగాను. ఫలానా డెక్ మీద ఉందన్నారు. వెళ్తే అక్కడ చేతిగడియారాల షాపు ఉంది. మళ్ళీ వచ్చి అడిగితే, ఇంతకుముందు అక్కడే ఉండేదని, తీసేశారని, పుస్తకాలు పేకాట గదిలో ఒక షెల్ఫులో ఉన్నాయని చెప్పారు. చూశాను. నలభై పుస్తకాలుంటాయేమో. తడి తగిలి ఉబ్బినవి, అట్టలు ఊడినవి, మూడో భాగం ఉండి మొదటి భాగం లేనివి. ఒక పుస్తకం మీద కాఫీ కప్పు పెట్టి వెళ్ళారు. అనాథలైపోయిన ఆ పుస్తకాలను చూస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ రోజంతా నేను బాగా లేనని మా అమ్మాయి టెన్షన్ పడింది. ఒంట్లో బాగానే ఉందే, ఒక లైబ్రరీ పోయింది, అదే బాధ అని చెప్పాను.

ఆ ఓడలోనే ఇంకొకటి జరిగింది. నాలుగోరోజు పొద్దున డైనింగ్ హాల్లో మా ఆయనతో ఏదో మాట్లాడుతుంటే, నీళ్ళు పోస్తున్న కుర్రాడు ఆగిపోయి "తెలుగోళ్ళేనా అమ్మా?" అన్నాడు. శ్రీకాకుళం జిల్లా వాడు. ఇల్లు వదిలి ఆరు నెలలైందట, ఇంకో మూడు నెలల కాంట్రాక్టు ఉందట. ఆ రోజు నుంచి మా బల్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా రెండు తెలుగు ముక్కలు మాట్లాడి వెళ్ళేవాడు. ఒకసారి నా సంచిలోంచి కనిపిస్తున్న తెలుగు వారపత్రికను చూసి, "చదివేశాక పారేయకండమ్మా, నాకివ్వండి" అన్నాడు. ఫోన్లో చదువుకోవచ్చు కదా బాబూ అంటే, నెట్‌కి పెట్టే డబ్బులు ఇంటికి ఫోన్ చేసుకోవడానికే చాలవన్నాడు. వారపత్రికతో పాటు నేను తెచ్చుకున్న కథల పుస్తకం కూడా ఇచ్చాను. మర్నాడు మొహం వెలిగిపోతూ వచ్చాడు. డ్యూటీ దిగాక రాత్రి ఒంటిగంట దాకా చదివాడట. "ఇంకో తెలుగబ్బాయి వంటింట్లో ఉన్నాడమ్మా, ఇప్పుడు వాడి దగ్గరుంది" అన్నాడు. మేం దిగే రోజున ఆ పుస్తకానికి కాగితం అట్ట వేసి మరీ తెచ్చి ఇవ్వబోయాడు. ఉంచుకోమన్నాను. సిబ్బంది కూర్చునే గదిలో పుస్తకాల అర ఉందట. అందులో పాత ఇంగ్లీషు నవలలు కొన్ని, యంత్రాల పుస్తకాలు కొన్ని. మన భాషలవి ఒక్కటీ లేవట.

అయ్యా, ఓడ పనివాళ్ళ హక్కుల మీద ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉందని మీకు నేను చెప్పాలా? 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం, 2013లో అమల్లోకి వచ్చింది, 2015లో మన దేశం కూడా ఆమోదించింది. దాని మార్గదర్శకాల్లో సిబ్బంది విశ్రాంతి గదిలో కనీసం ఒక పుస్తకాల అల్మరా, చదువుకోవడానికి, రాసుకోవడానికి ఏర్పాటు ఉండాలని ఉంది. వీలైన చోట గ్రంథాలయమే ఉండాలని, అందులో వృత్తి పుస్తకాలూ మామూలు పుస్తకాలూ ప్రయాణం పొడవునా సరిపోయేన్ని ఉండాలని, వాటిని తగిన వ్యవధిలో మారుస్తూ ఉండాలని కూడా రాశారు. ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు దాన్ని రాసినవాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. మారుస్తూ ఉండాలి అనే మాట పుస్తకాల సంగతి తెలిసినవాళ్ళే రాయగలరు. పుస్తకాలు మారని గ్రంథాలయానికి పాఠకుడు మూడోసారి రాడు. ఇవి తప్పనిసరి నియమాలు కావని, మార్గదర్శకాలేనని తెలుసు. అయినా ప్రపంచమంతా కూర్చుని ఒప్పుకున్న మాట కదా. శ్రీకాకుళం, విశాఖ నుంచి ఎంతమంది పిల్లలు ఓడల పనికి వెళ్తున్నారో మీకు తెలుసు. వాళ్ళకు తొమ్మిది నెలల పాటు మాతృభాషలో ఒక్క అచ్చు అక్షరం దొరకకపోవడం న్యాయం కాదు.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మన దేశంలో ఈ పని ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. విశాఖపట్నంలో 2023 సెప్టెంబర్‌లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2024 సెప్టెంబర్ 30న కేంద్రం క్రూయిజ్ భారత్ మిషన్ మొదలుపెట్టింది. 2029 నాటికి క్రూయిజ్ ప్రయాణికుల సంఖ్య రెట్టింపు కావాలన్నది లక్ష్యం. కొత్త టెర్మినళ్ళు వస్తాయి, కొత్త ఓడలు వస్తాయి. ఇల్లు కట్టేటప్పుడే దేవుడి గదికి చోటు వదులుతాం. కట్టేశాక గోడ పగలగొట్టి ఎవరూ పెట్టరు. ఓడకైనా అంతే. ఇప్పుడు పటం గీసేటప్పుడు ఒక గది వదిలితే అది ముప్పై ఏళ్ళు ఉంటుంది.

పరాయి దేశపు అలవాటును మన మీద రుద్దమంటున్నానని అనుకోకండి. ఓడ గ్రంథాలయానికీ మన దేశానికీ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. షియాలి రామామృత రంగనాథన్ పేరు మా వృత్తిలో ఉన్నవాళ్ళం రోజూ తలుచుకుంటాం. ఆయన పుట్టినరోజు ఆగస్టు 12ను గ్రంథాలయాధికారుల దినోత్సవంగా జరుపుకుంటాం. లెక్కల పాఠాలు చెప్పుకునే ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్ అయ్యారు. ఆ ఏడాదే చదువు కోసం ఇంగ్లండు వెళ్ళారు. అక్కడి గ్రంథాలయాల్లో పుస్తకాలు సర్దే పద్ధతులు ఆయనకు నచ్చలేదు. పిల్లలు ముక్కలు బిగించి బొమ్మలు కట్టుకునే మెకానో సెట్టును లండన్‌లో ఒక దుకాణంలో చూసి, విషయాలను కూడా ఇలా ముక్కలుగా విడదీసి కలపవచ్చు కదా అనుకున్నారు. అలా ఒక కొత్త వర్గీకరణ పద్ధతి ఆయన మనసులో రూపు కట్టింది. 1925లో ఓడలో తిరిగి వస్తూ, ఆ ఓడలో ఉన్న గ్రంథాలయంలోని పుస్తకాలను ఆ కొత్త పద్ధతిలో సర్ది చూశారు. అదే తర్వాత 1933లో అచ్చయిన కోలన్ వర్గీకరణ. ప్రపంచంలో గ్రంథాలయ శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఆ పేరు తెలుసు.

ఆ ఓడలో పుస్తకాల గది లేకపోతే ఆయన ఏం చేసేవారని నేను చాలాసార్లు ఆలోచించాను. మద్రాసు వచ్చాక ఎలాగూ చేసేవారు, నిజమే. కానీ ఒక భారతీయుడు సముద్రం మధ్యలో, పరాయి ఓడలో, ఎవరివో పుస్తకాలను అరల్లోంచి దించి, తన పద్ధతిలో మళ్ళీ పేర్చుకుంటూ ఉన్న దృశ్యం నా కళ్ళ ముందు నుంచి పోదు. మన దేశంలో తయారయ్యే ప్రతి ఓడలోనూ ఒక చిన్న గదికి ఆయన పేరు పెట్టవచ్చు. దానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

ఇక మా ప్రాంతపు సంగతి. 1935లో పాతూరి నాగభూషణంగారు మా గుంటూరు జిల్లాలో బోటు గ్రంథాలయం నడిపారు. పెదపాలెంలో సేవాశ్రమం పెట్టి పల్లెపల్లెకూ గ్రంథాలయాలను తీసుకెళ్ళిన మనిషి ఆయన. అప్పట్లో కృష్ణా కాలువల మీద జనం పడవల్లో తిరిగేవారు. పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా కాలువ మీద నడిచే ప్రయాణికుల పడవల్లో ఆయన పుస్తకాలు పెట్టించారు. ఆ కొల్లిపర మా తెనాలికి పక్కనే. మా పెద్దవాళ్ళు పడవ ప్రయాణాల గురించి చెబుతుంటే విన్నాను. గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగుతుంటే, మనిషి నడకంత నెమ్మదిగా సాగేవట. గంటలకు గంటలు కూర్చోవాలి. ఆ గంటలు వృథా పోకూడదని ఒక మనిషికి తోచింది చూడండి! డబ్బున్న సంస్థ కాదు, సర్కారు కాదు. ఊళ్ళో పుస్తకాల పిచ్చి ఉన్న ఒక కార్యకర్త. తెడ్లతో, తాళ్ళతో నడిచే పడవలో ఆయన చేసిన పని, పది అంతస్తుల ఓడలో మీరు చెయ్యలేరా?

తెలుగువాళ్ళు గ్రంథాలయానికి కొత్తవాళ్ళు కాదు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఇప్పటికీ మేం కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ పన్ను కలిసే ఉంటుంది, రూపాయికి 8 పైసలు. తెలిసి కొందరు, తెలియక కొందరు కడుతున్నారు. అలాంటి జనం టికెట్ కొని మీ ఓడ ఎక్కితే, వాళ్ళకు పుస్తకం అక్కర్లేదని మీరే తీర్మానించేయడం సరికాదు.

మీ వైపు నుంచి వచ్చే మాటలు నాకు తెలుసు. రిటైరవకముందు మా శాఖా గ్రంథాలయాన్ని మూసేద్దామన్నవాళ్ళు కూడా అవే అనేవారు. మొదటిది, అందరికీ ఫోన్లున్నాయి, పుస్తకాలు అందులోనే ఉన్నాయి అని. ఫోన్లో పుస్తకం చదివేవాళ్ళు ఉన్నారు, మా అల్లుడే చదువుతాడు. కానీ ఫోన్లో ఏముందో ఫోనున్న మనిషికే కనిపిస్తుంది. అల్మరాలో ఉన్న పుస్తకం దారిన పోయేవాడికీ కనిపిస్తుంది. నేను జమైకా చరిత్ర చదవాలని ఓడ ఎక్కలేదు. అది అక్కడ ఉంది, నా చెయ్యి దాని మీద పడింది. పిల్లల విషయంలో ఇది ఇంకా నిజం. తివాచీ మీద పడుకుని చదివిన ఆ పిల్లకు ఫోనిచ్చి ఉంటే ఆటలాడుకునేది.

రెండోది, మన దగ్గర ప్రయాణాలు రెండు మూడు రాత్రులవే కదా, ఈలోపు ఎవరు చదువుతారని. ఇందులో కొంత న్యాయం ఉంది. రెండు రాత్రుల ప్రయాణంలో ఆరువందల పేజీల నవల ఎవరూ పూర్తి చెయ్యరు. అలాంటి ఓడలో పెట్టాల్సిన పుస్తకాలు వేరు. కథల సంపుటాలు, కవిత్వం, యాత్రా చరిత్రలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, పత్రికలు, దారిలో వచ్చే ఊళ్ళ మీద చిన్న పుస్తకాలు. విశాఖ నుంచి బయల్దేరేవారికి తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాల గురించి, పుదుచ్చేరిలో దిగేవారికి ఆ ఊరి ఫ్రెంచి చరిత్ర గురించి. ఇవి గంటలో చదివేయవచ్చు. గంట చదివినా ఊరు వేరేగా కనిపిస్తుంది. ఇక నదుల మీద నడిచే ఓడలు ఉన్నాయి. 2023 జనవరిలో వారణాసి నుంచి దిబ్రూగఢ్‌కు బయల్దేరిన గంగా విలాస్ ప్రయాణం 51 రోజులు, 27 నదుల మీద. అన్ని రోజులు అన్ని నదుల మీద పోయేవాడికి చదువుకోవడానికి ఏముంటే బాగుంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు. రాజమండ్రి నుంచి పాపికొండలకు వెళ్ళే లాంచీలు ఒక్క రోజువే, వాటిలో గది అడగను. నాగభూషణంగారు పెట్టినట్టు ఒక పుస్తకాల పెట్టె పెట్టినా సంతోషిస్తాను.

మూడోది డబ్బు. గది ఇస్తే షాపు పోతుంది, అద్దె పోతుంది అంటారు. క్వీన్ మేరీ 2 అనే ఓడ 2004 నుంచి తిరుగుతోంది. సౌతాంప్టన్, న్యూయార్క్ మధ్య వారం రోజుల పాటు అట్లాంటిక్ మీద పోతుంది. అందులోని గ్రంథాలయంలో 8 వేలకు పైగా పుస్తకాలున్నాయి. ఓడ ముందు భాగంలో, సముద్రం కనిపించేలా పెట్టారు. ఆ ఓడ గురించి ఎవరు రాసినా ఆ గది గురించి రాస్తారు, ఓడవాళ్ళు కూడా దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. అంటే అది వాళ్ళకు నష్టం తెచ్చే గది కాదన్నమాట. మీకు ఎనిమిది వేలు అక్కర్లేదు. వెయ్యి పుస్తకాలతో మొదలుపెట్టండి. ఒక్కోటి సగటున మూడు వందల రూపాయలనుకున్నా మూడు లక్షలు. అంత పెద్ద ఓడలో ఒక హాలు దీపాలకు ఇంతకంటే ఎక్కువే అవుతుంది.

ఇప్పుడు గది ఎలా ఉండాలో చెబుతాను. ఈ మాటలు మాత్రం మా వృత్తి అనుభవం నుంచి వచ్చినవి, దయచేసి శ్రద్ధగా చదవండి. గదిని పాటల హాలుకూ పేకాట గదికీ దూరంగా పెట్టండి. కింది డెక్కుల్లో, సముద్రం కనిపించని మూలలో పెట్టకండి. వెలుతురు లేని గదికి మూడు నెలల్లో జనం రావడం మానేస్తారు, అప్పుడు ఎవరూ రావట్లేదని మీరు మూసేస్తారు. ఇది నేల మీద నేను చాలా చోట్ల చూశాను. ఉప్పుగాలికి కాగితం త్వరగా చెడిపోతుంది, కాబట్టి తలుపు డెక్ మీదికి నేరుగా తెరుచుకోకూడదు. వయసు మళ్ళినవాళ్ళు క్రూయిజ్‌లకు ఎక్కువగా వస్తారు, పెద్ద అక్షరాల పుస్తకాలు తప్పకుండా కొనండి. ఒక పక్క రాసుకునే బల్ల వేయించండి. 1909 నవంబరులో గాంధీగారు ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికాకు కిల్డోనన్ కాజిల్ అనే ఓడలో వెళ్తూ, పది రోజుల్లో ఒక పుస్తకం మొత్తం ఆ ఓడవాళ్ళ కాగితాల మీదే రాశారు. కుడిచెయ్యి నొప్పి పుడితే ఎడమచేత్తో రాశారు. ఎవరి కడుపులో ఏ రాత ఉందో మనకు తెలియదు కదా.

అన్నిటికంటే ముఖ్యం మనిషి. రోజంతా వద్దు, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు చాలు. పుస్తకం పేరు తెలిసి, అడిగినవాడికి చూపించగలిగినవాళ్ళు ఉండాలి. లైబ్రరీ సైన్స్ చదివి ఉద్యోగాల్లేక తిరుగుతున్న పిల్లలు రెండు రాష్ట్రాల్లోనూ బోలెడంత మంది ఉన్నారు. ఓడ మీద ఉద్యోగమంటే ఎగిరి గంతేస్తారు. మనిషి లేని గ్రంథాలయం ఆరు నెలల తర్వాత ఎలా ఉంటుందో పేకాట గదిలో ఆ షెల్ఫు దగ్గర నేను చూశాను.

భాషల సంగతి. ఏ రేవు నుంచి ఓడ బయల్దేరితే ఆ రేవు భాష పుస్తకాలు మొదటి అరలో ఉండాలి. విశాఖ అయితే తెలుగు, ఒడియా. చెన్నై అయితే తమిళం, తెలుగు. కొచ్చి అయితే మలయాళం. ముంబయి అయితే మరాఠీ, హిందీ, గుజరాతీ. నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు ఇన్ని భాషల్లోనూ దొరుకుతాయి, ధర తక్కువ. పుస్తకాలు మార్చడానికి కూడా దారి ఉంది. ప్రతి టెర్మినల్లో రెండు అల్మరాలు పెట్టి, ఆ ఊరి గ్రంథాలయంతో కలిపితే, ఓడ వచ్చినప్పుడల్లా ఒక పెట్టె దిగుతుంది, ఒక పెట్టె ఎక్కుతుంది. విశాఖలో ద్వారకానగర్ పౌర గ్రంథాలయం ఉంది. అడిగితే కాదనరని నా నమ్మకం. మంత్రిత్వ శాఖవారు క్రూయిజ్ ఓడలకు ఇచ్చే ప్రోత్సాహకాలకు ఈ గదిని కూడా ఒక షరతుగా పెడితే చాలు, మిగతాది దానంతటదే నడుస్తుంది.

సిబ్బందికి ఆ గది తలుపు ఎప్పుడు తెరవాలో మీరే ఆలోచించండి. ప్రయాణికులు పడుకున్నాక రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా తెరిచినా వాళ్ళకు వరమే. లేదంటే అదే పుస్తకాల జాబితా వాళ్ళ గదిలో అంటించి, అడిగిన పుస్తకం పంపించే ఏర్పాటు చేయండి. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అని రంగనాథన్‌గారు 1931లోనే సూత్రాలుగా రాశారు. నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడ్డ ఆ శ్రీకాకుళం అబ్బాయి మొహం చూశాక, ఆ రెండు సూత్రాలూ నాకు మొదటిసారి సరిగ్గా అర్థమయ్యాయి.

మా ఇంట్లో ఒక పెట్టె సిద్ధం చేశాను. అరవై రెండు తెలుగు పుస్తకాలు. అన్నిటికీ అట్టలు వేసి, వెనక లోపలివైపు తేదీల చీటీ అతికించాను. పన్నెండు పిల్లలవి, తొమ్మిది పెద్ద అక్షరాలవి. పైన తడి తగలకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టాను. విశాఖ టెర్మినల్‌కు పంపమంటారో, చెన్నైకి పంపమంటారో కబురు చెయ్యండి. రవాణా ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథాలయాధికారి,
తెనాలి